నాలుగింటి చుక్కలు

"మంగళవారం నాలుగూ పదికి మీరెక్కడున్నారు?"

"రైలు కట్ట మీద కూర్చున్నానండి."

"ఎవరైనా చూశారా?"

"గూడ్సు బండి ఒకటి పోయింది. అందులో గార్డు చూశాడేమో మరి."

లాకప్పులో గోడకి ఆనుకుని కూర్చున్న మనిషికి యాభై దాటి ఉంటాయి. పరుపుల వర్క్‌షాపులో అన్నగారితో కలిసి ముప్పై ఏళ్ళు దూది ఏకినవాడు. ఆ అన్నగారు మంగళవారం సాయంత్రం అటక మెట్ల కింద తల పగిలి కనిపించాడు. అప్పటినుంచి, అంటే మూడు రోజులుగా, ఆసుపత్రిలో స్పృహ లేదు. ఆయన్ని తోసింది ఈ తమ్ముడేనని కేసు.

అడుగుతున్నావిడని అందరూ టైపు మేడమ్ అంటారు. ఇరవై రెండేళ్ళు కోర్టులో సాక్షుల మాటలు టైపు కొట్టింది. ఆ ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకుంది. ఈ మనిషి భార్య నిన్న వచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

"వాన పడుతోంది కదా ఆ టైముకి. తడిశారా?"

"ముద్దయిపోయాను. రెయిన్‌కోటు వర్క్‌షాపులో మేకుకే ఉండిపోయింది. మూడింటికి అన్నయ్యతో మాటా మాటా వచ్చి విసురుగా వచ్చేశాను."

"ఎందుకొచ్చింది గొడవ?"

"వర్క్‌షాపు స్థలం అమ్మకానికి ఒప్పుకున్నట్టు ఏదో కాగితం ఆయన చేతికొచ్చింది. దాని మీద నా సంతకం ఉంది. నేను పెట్టలేదన్నాను. నమ్మలేదు." ఆయన తల వంచుకున్నాడు. "నన్ను నమ్మకపోవడం అదే మొదటిసారి."

"మరి మీ అన్నగారి అమ్మాయి మిమ్మల్ని చూశానని చెప్పింది. మెట్లు దిగి, పచ్చ కోటులో వీధిలోకొచ్చి, పైకి చూసి చెయ్యి ఊపారట."

ఆయన తలెత్తాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "పిట్ట చూశానందంటే చూసే ఉంటుందండి. పాలపళ్ళ నాటినుంచీ ఎరుగుదును, ఆ పిల్ల అబద్ధం ఆడదు. రేపు కోర్టులో ఎవరో ప్లీడరు దాన్ని నిలబెట్టి అబద్ధాలకోరువంటే నేను చూడలేను. అందుకే ఒప్పేసుకుంటానని చెప్పాను. ఐదింటికి మేజిస్ట్రేటుగారి దగ్గరికి తీసుకెళ్తారట."

టైపు మేడమ్ వాచీ చూసుకుంది. మూడూ ఇరవై.

బయట వరండాలో ఇన్‌స్పెక్టరు బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు. ఆమెకి సొంత తమ్ముడు. చిన్నప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని బడికెళ్ళినవాడే. ఇప్పుడు ఆమె స్టేషన్ గుమ్మం తొక్కితే చాలు, మొహం గంటు పెట్టుకుంటాడు.

"అయిందా అక్కా? ఇంకేమైనా ఏకాల్సింది మిగిలిందా?"

"ఆయన చొక్కా తడిసి ముద్దయిందని వాళ్ళావిడ చెప్పింది. కోటు వేసుకున్నవాడి చొక్కా ఎలా తడుస్తుందిరా?"

"కోటు తన ఇంటి గేటుకి తగిలించి మళ్ళీ వానలో తిరిగాడు. గేటు దగ్గరే దొరికింది. గొడవ పడ్డాడు, చూసిన సాక్షి ఉంది, తనే ఒప్పుకుంటున్నాడు. మూడూ ఉన్నాయి నాకు. నీకేముంది? తడిసిన చొక్కా."

"సాక్షిని నువ్వెన్ని ప్రశ్నలు అడిగావు?"

"సరిపడా అడిగాను."

"కోర్టులో నేను టైపు కొట్టిన వాంగ్మూలాల్లో సగం, అడగాల్సిన ఒక్క ప్రశ్న అడక్కపోవడం వల్ల పాడైనవే. నాకొక్క గంటియ్యి. నువ్వూ రా. నా తప్పయితే ఐదింటికి నేనే మీ జీపు తలుపు తీసి పడతాను."

"ఆ ముచ్చటా తీరుస్తాను," అని ఇన్‌స్పెక్టరు టోపీ తీసుకున్నాడు. కోటు సీలు వేసిన సంచీలో జీపులోనే ఉంది. సాయంత్రం మేజిస్ట్రేటుకి చూపించడానికి.

ఇల్లు వర్క్‌షాపుకి సరిగ్గా ఎదురు. కింద రెండు గదులు, పైన ఒకటి. తలుపు తీసిన పిల్ల తల్లి, రాత్రంతా ఆసుపత్రిలో కూర్చున్న మనిషి, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"ఆసుపత్రిలో ఇప్పుడెవరున్నారమ్మా?" అడిగింది టైపు మేడమ్.

"మా అల్లుడు, పెద్దమ్మాయి మొగుడు. బంగారం లాంటి మనిషి. మందుల కంపెనీలో పని మానుకుని మరీ మధ్యాహ్నాలు తనే కూర్చుంటున్నాడు. కాస్త నడుం వాల్చండి అత్తయ్యా అని నన్ను పంపించాడు. మా చిన్నదాన్నీ అంతే, కంటికి రెప్పలా చూసుకుంటాడు." ఆమె గోడకి ఆనుకుంది. "ఇలాంటి టైములో కొడుకు లేని లోటు తెలీకుండా చేశాడు."

మేడ మీద గదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటరు, పక్కనే పరుపుల ఆర్డర్ల కాగితాలు. పిట్ట అనే పంతొమ్మిదేళ్ళ పిల్ల లేచి నిలబడింది. కళ్ళు రెండూ ఎర్రగా, రెప్పలు ఉబ్బి ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. "మూడు రోజులుగా ఇలా ఏడుస్తూనే ఉంది."

టైపు మేడమ్ కిటికీ దగ్గరికెళ్ళింది. కిటికీ చువ్వల మీద సన్నటి దూది నూగు. కింద వీధి, అవతల వర్క్‌షాపు గుమ్మం. గుమ్మం నుంచి ఇంటి గోడదాకా ఆమె వస్తూనే లెక్కపెట్టుకుంది, పదిహేను అంగలు. బాగున్న కళ్ళకి మనిషి మొహం స్పష్టంగా తెలిసే దూరమే.

"కూర్చోమ్మా. మంగళవారం జరిగింది నాకోసం ఇంకొక్కసారి చెప్పు. తొందరేం లేదు."

పిట్ట చెప్పింది. నాలుగూ ఐదుకి దూదేకే మిషను ఆగిపోయింది. ఎందుకాగిందా అనుకుంది. నాలుగూ పదికి బాబాయి పచ్చకోటుతో బయటికొచ్చాడు, పైకి చూశాడు, చెయ్యి ఊపాడు, సందులోకి మళ్ళాడు. అరగంట తర్వాత అమ్మ టీ తీసుకెళ్ళి నాన్నని చూసి కేక పెట్టింది.

"అంత కచ్చితంగా టైము ఎలా తెలుసు?"

"కంప్యూటర్లో చూశానండి. అంటే దగ్గరికి వంగి చూశాను."

టైపు మేడమ్ ఆ చివరి మాట దగ్గర ఆగింది. అడగబోతుంటే బల్ల మీద ఫోను మోగింది. అలారం. సరిగ్గా నాలుగు.

"క్షమించండి, చుక్కలు వేసుకోవాలి," అంది పిట్ట.

"వేసుకో. మేమెక్కడికీ పోవడం లేదు."

పిట్ట మూలనున్న కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కొచ్చింది. కుడికంట్లోకి వేలు పెట్టి పల్చటి లెన్సు తీసి చిన్న డబ్బాలో వేసింది. ఎడమకంటిదీ తీసింది. తర్వాత బల్ల మీది చిన్న సీసా కోసం చెయ్యి చాచి, ముందు పెన్నుల డబ్బా తాకి, పక్కకి తడిమి సీసా పట్టుకుంది. తల వెనక్కి వాల్చి, కింది రెప్ప లాగి, సీసా మూతి రెప్పకి తగలకుండా ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వేసుకుంది. కళ్ళు మూసుకుని ముక్కు పక్కన కంటి మూలలు రెండు వేళ్ళతో నొక్కిపట్టింది.

ఇన్‌స్పెక్టరు గోడకి ఆనుకుని నిలబడ్డవాడు నిటారుగా అయ్యాడు.

"ఏం మందమ్మా అది?" అడిగింది టైపు మేడమ్, చాలా మామూలుగా.

"ఎలర్జీకండి. దూది నూగు నాకు పడదు. కళ్ళు దురద, నీళ్ళు, ఎరుపు. నలిపితే ఇంకా ఎక్కువవుతుంది. ఈ చుక్కలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేసుకుంటే తగ్గుతుందన్నారు డాక్టరుగారు. తగ్గుతోంది కూడా. మొదట్లో అయితే కళ్ళు తెరవలేకపోయేదాన్ని." కళ్ళు మూసుకునే నవ్వబోయింది. "ఈ మూడు రోజులూ ఏడుపు కూడా కలిసింది."

"లెన్సులు ఎందుకు తీశావు?"

"మందు వాటికి పట్టేస్తుందట. తీసి వేసుకుని, పావుగంట ఆగి పెట్టుకోవాలి. అసలు కళ్ళు ఎర్రగా ఉన్నప్పుడు లెన్సులే వద్దు, అద్దాలు వాడమన్నారు. నా అద్దాలు రిపేరుకెళ్ళాయి."

"పవరెంత?"

"మైనస్ ఆరున్నరండి, రెండు కళ్ళకీ."

"మంగళవారం సాయంత్రం చుక్కలు ఎన్నింటికి వేసుకున్నావు?"

పిట్ట వేళ్ళు కంటి మూలల మీద అలాగే ఉండిపోయాయి.

"నాలుగింటికి," అంది.

"లెన్సులు మళ్ళీ ఎప్పుడు పెట్టుకున్నావు?"

"నాలుగుంపావుకి."

టైపు మేడమ్ తమ్ముడివైపు చూడలేదు. చూస్తే వాడికి కష్టంగా ఉంటుందని ఆమెకి తెలుసు.

"ఈ సంగతి ఇన్‌స్పెక్టరుగారికి చెప్పలేదేం తల్లీ?"

"ఆయన అడగలేదండి. చూశావా అన్నారు. చూశాను. నిజంగా చూశాను."

"సొంత బాబాయి మేడమ్," ఇన్‌స్పెక్టరు అందుకున్నాడు. నలుగురిలో ఆమెని అక్కా అనడు. "ముప్పై ఏళ్ళుగా ఒకే కోటు. మొహం మసకగా ఉన్నా ఆకారం తెలీదా? మనవాళ్ళని మనం చీకట్లో కూడా పోల్చుకుంటాం."

"అయితే పరీక్షిద్దాం. ఇంకా పావుగంట కాలేదు." టైపు మేడమ్ అతన్ని గుమ్మం దాకా తీసుకెళ్ళి చెవిలో ఏదో చెప్పింది. అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి తలూపి బయటికి నడిచాడు. ఆమె వెనక్కొచ్చి పిట్ట పక్కన కూర్చుంది. "ఇన్‌స్పెక్టరుగారు కోటు వేసుకుని వర్క్‌షాపు గుమ్మంలోంచి వస్తారు. ఎలా కనిపిస్తే అలా చెప్పు. భయపడకు."

రెండు నిమిషాల తర్వాత ఎదురు గుమ్మంలోంచి పచ్చకోటు బయటికొచ్చింది. వీధి మధ్యలో ఆగి, తలెత్తి, చెయ్యి ఊపింది.

"ఆయనే," అంది పిట్ట కళ్ళు చికిలించి. "ఇన్‌స్పెక్టరుగారే. నవ్వుతున్నారు."

"నవ్వుతున్నట్టు కనిపించిందా?"

"ఆ. కొంచెం."

"నేను ఇక్కడే ఉన్నానమ్మా," అన్న మాట గుమ్మం అవతలనుంచి వినబడింది. ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "కింద ఉన్నది మా జీపు డ్రైవరు. వాడు నాకంటే జానెడు పొట్టి."

పిట్ట కిటికీ చువ్వ పట్టుకుంది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో కూర్చుండిపోయింది.

"అయితే బాబాయిని... నేను లోపల వేయించానా? ఏ పాపం ఎరగని మనిషిని?"

టైపు మేడమ్ ఆమెని దగ్గరికి తీసుకుంది. "తాడుని చూసి పామనుకున్నవాడు అబద్ధమాడినట్టు కాదమ్మా. వాడికి పామే కనబడింది. నువ్వు పచ్చకోటు చూశావు, ఊపిన చెయ్యి చూశావు. మిగిలింది నీ మనసు పూరించింది. ఆ మాట నువ్వే చెబితే మీ బాబాయి ఈ సాయంత్రమే ఇంటికొస్తాడు. నిన్ను అబద్ధాలకోరని ఎవరో అంటారని, చెయ్యని నేరం ఒప్పుకోడానికి సిద్ధపడ్డ మనిషాయన."

పిట్ట మొహం చేతుల్లో దాచుకుంది. టైపు మేడమ్ ఆమె వీపు నిమురుతూనే మెల్లగా అడిగింది.

"ఇప్పుడు ఇన్‌స్పెక్టరుగారు వస్తారని నేను ముందే చెప్పాను కాబట్టి నీకు ఆయన కనిపించారు. మంగళవారం బాబాయి అని నీకు ముందే ఎవరు చెప్పారు?"

"ఎవరూ... బావ."

"ఏమన్నాడు?"

"నాలుగింటికి ఐదు నిమిషాల ముందు ఫోన్ చేశాడు. బాబాయి కోపంగా మళ్ళీ వర్క్‌షాపు వైపు వెళ్తున్నాడు, ఇప్పుడే చూశాను, నువ్వు మధ్యలోకి వెళ్ళకు అన్నాడు. తర్వాత..." ఆమె తలెత్తింది. "చుక్కల టైము మారింది, డాక్టరుగారితో మాట్లాడాను, ఇకనుంచి నాలుగింటికి వేసుకో అన్నాడు."

"అంతకుముందు ఎన్నింటికి వేసుకునేదానివి?"

"ఆరున్నరకి. పొద్దున ఆరున్నర, సాయంత్రం ఆరున్నర."

"నీ అద్దాలు రిపేరుకి ఎవరు తీసుకెళ్ళారు?"

"బావే," అంది పిట్ట. స్థలం కాగితం మీద పిట్ట బాబాయి సంతకం ఎవరు గీశారో కూడా టైపు మేడమ్‌కి అప్పుడే తట్టింది. నట్టింట్లో తిరిగేవాడికి తప్ప ఆ సంతకం ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? అది బయటపడకుండా అన్నదమ్ములిద్దర్నీ ఒకే దెబ్బకి తప్పించాలనుకున్నాడు. నాలుగూ పదికి ఈ పిల్లకి ఏమీ కనబడదని తెలిసినవాడే అంత ధైర్యంగా వీధి మధ్యలో నిలబడి చెయ్యి ఊపగలడు.

"తమ్ముడూ, ఆసుపత్రిలో మన కానిస్టేబులున్నాడు కదా?"

ఇన్‌స్పెక్టరు పెదవులు తడుపుకున్నాడు. "పొద్దున తీసేశానక్కా. నేరస్థుడు లోపలున్నాడు కదా అని."

అప్పుడే ఫోను మోగింది. ఈసారి అలారం కాదు. పిట్ట దాన్ని మొహానికి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని పేరు చదివింది.

"బావ."

టైపు మేడమ్ స్పీకరు నొక్కింది.

"ఏం మరదలా, చుక్కలు వేసుకున్నావా?" మంచి గొంతు. ఆప్యాయంగా ఉంది.

"వేసుకున్నా బావా."

"మంచి పిల్లవి. ఒక మంచి కబురు. మామయ్య కళ్ళు తెరిచారు. ఇంకా ఎవరికీ చెప్పలేదు, నర్సుకి కూడా. ముందు నీకే చెప్దామని. అత్తయ్యని లేపకు, పడుకోనీ. అందరికీ నేను చెప్తాలే."

ఇన్‌స్పెక్టరు మునివేళ్ళ మీద గుమ్మం దాటాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు, తర్వాత సొంత ఫోనులో వార్డు నంబరు అడుగుతున్న గొంతు దూరమయ్యాయి. టైపు మేడమ్ ఆర్డరు కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. పిట్ట తల అడ్డంగా ఊపింది, కనబడటం లేదని. కాగితాన్ని జానెడు దూరానికి తెచ్చాక చదివింది. మాట్లాడుతూ ఉండు.

"బావా," అంది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "ఫోను నాన్న చెవి దగ్గర పెట్టవూ? ఒక్కసారి మాట్లాడతాను."

"ఆయనకి మాట రావట్లేదమ్మా."

"ఆయన మాట్లాడక్కర్లేదు. నేను మాట్లాడతాను. పెట్టు బావా, నీకు పుణ్యముంటుంది."

కాసేపు గరగర. ఆపైన ఊపిరి వినిపించింది. బరువుగా, ఆగి ఆగి వస్తున్న ఊపిరి. మూడు రోజులుగా ఆ పిల్ల వినాలనుకున్నది అదే.

"నాన్నా, నేను పిట్టని. ఆర్డర్లన్నీ రాసిపెట్టాను నాన్నా, ఒక్కటీ పోలేదు. పెద్ద హోటలువాళ్ళు నలభై దిండ్లు అడిగారు. నువ్వు వచ్చాకే చేస్తామన్నాను. అమ్మ బాగానే తింటోంది. నాన్నా..." టైపు మేడమ్ ఆపేలోపు మాట జారింది. "నాన్నా, నేను బాబాయిని సరిగ్గా చూడలేదు."

ఊపిరి చప్పుడు దూరంగా జరిగింది.

"ఏం చూడలేదు మరదలా?"

అదే గొంతు. ఆప్యాయత మాత్రం లేదు. టైపు మేడమ్ పిట్ట చెయ్యి పట్టుకుంది.

"ఏం లేదు బావా. ఆ రోజు బాబాయితో సరిగ్గా మాట్లాడలేదు అంటున్నా."

"చూడలేదు అన్నావు."

అటువైపు తలుపు తెరుచుకున్న చప్పుడయింది. ఒక ఆడగొంతు, ఎవరి మాటా వినని గొంతు, "సార్, మీరు కాస్త బయట ఉండండి. డాక్టరుగారు వస్తున్నారు," అంది. కుర్చీ కాళ్ళు నేలకి రాసుకున్నాయి. ఏదో మంచం మీద పడింది. కొద్దిసేపటికి ఆ ఆడగొంతే ఫోనులోకి వచ్చింది.

"హలో, ఎవరండీ? పేషెంటు బాగానే ఉన్నారు. మనుషుల్ని గుర్తుపడుతున్నారు. అల్లుడుగారా? ఫోను ఇక్కడే పడేసి మెట్లవైపు పరిగెత్తారు. పోలీసులు ఇప్పుడే వార్డుకి ఫోన్ చేశారు. ఆయన్ని ఆపాలా ఏమిటి?"

పిట్ట ఫోను కింద పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. టైపు మేడమ్ ఏడవనిచ్చింది. నాలుగూ పందొమ్మిదికి ఇన్‌స్పెక్టరు నుంచి ఫోనొచ్చింది. ఆసుపత్రి గేటు దగ్గరున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"పెద్దాయన క్షేమం. వార్డు గుమ్మంలో మనిషిని పెట్టాను. వాడు లేడక్కా, మోటారుసైకిలూ లేదు. స్టేషనుకి చెప్పాను, పిట్ట బాబాయిని మేజిస్ట్రేటు దగ్గరికి పంపొద్దని." ఆయాసం తీర్చుకుని అన్నాడు. "ఆ ఒక్క ప్రశ్న నేను అడిగి ఉండాల్సింది."

"అది తర్వాత మాట్లాడుకుందాం. వాడెక్కడికి పోతాడో ఆలోచించు."

పిట్ట చటుక్కున తలెత్తింది. ఆ ఎర్రటి కళ్ళలో కొత్త భయం.

"అక్క," అంది. "అక్క ఇంట్లో ఒక్కతే ఉంది."

అక్క ఇంటి గుర్తులు గబగబా చెప్పేసి, తడుముకుంటూ ఫోను తీసుకుని నంబరు నొక్కింది. నాలుగోసారి మోగాక అక్క ఎత్తింది.

"ఏంటే పిట్టా? బావ ఇప్పుడే ఎవరి ఫోను నుంచో చేశాడు, తన ఫోను పోయిందట. నాన్నకి సీరియస్‌గా ఉంది, కిందకి దిగి నిలబడు, తీసుకెళ్తాను అన్నాడు. నాకు కాళ్ళు ఆడటం లేదే. చెప్పులేసుకుంటున్నా."

"అక్కా, దిగకు. నాన్న బాగానే ఉన్నాడు. లేచాడు. ఇప్పుడే విన్నాను. తలుపు గడియ పెట్టు."

"అదేంటే? మరి బావ..."

"బావకి తలుపు తియ్యకు."

అక్క అడిగిన తీరు చూస్తే, ఆవిడ లోపల ఏదో చాలా రోజులుగా తెలిసి తెలియకుండా ఉన్నట్టుంది. "ఏం చేశాడే?"

"అన్నీ చెప్తాను. ఎంతసేపైనా కూర్చుని ఏడుద్దాం. ముందు గడియ పెట్టక్కా."

టైపు మేడమ్ తన ఫోనులో తమ్ముడికి ఆ ఇంటి గుర్తులు చెబుతూనే చెవి ఇటు పెట్టింది. చెప్పుల చప్పుడు, ఆగింది. మళ్ళీ చెప్పుల చప్పుడు. తలుపు మూసిన చప్పుడు. గడియ పడింది.

ఆ వెంటనే, ఫోనులో అటువైపు, కాలింగ్ బెల్ మోగింది.